ప్రీమియంలోకి ఎక్కిన మాట

కారు బీమా ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. "సార్, మనిషిని చూడంగనే రిస్క్ ఎంతో చెప్పేటోళ్లంట గద మీరు, ఎట్ల?" అని అడుగుతారు. ఎవరో నా గురించి వాళ్లకు గొప్పగా చెప్పి ఉంటారు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తున్నాను. ఎట్లా చెప్పేవాడినో ఒకసారి పూర్తిగా రాస్తే మళ్లీ అడగరని ఇది రాస్తున్నాను. ఇందులో నేర్చుకోవలసిన విద్య ఏమీ లేదు. అది ముందే చెబుతున్నాను.

పంజగుట్ట చౌరస్తాకు దగ్గరలో, ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో మా బ్రాంచి. ఎవరి కారుకు ఎంత ప్రీమియం వెయ్యాలో చూడడం నా పని. ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. మన బండి వల్ల ఇంకొకరికి జరిగే నష్టానికి కట్టేది ఒకటి. దాని రేటు ప్రభుత్వం చెప్పిందే. మన బండికే జరిగే నష్టానికి కట్టేది రెండోది. ఈ రెండోదానిలో ఎవరికి ఎంత డిస్కౌంటు ఇవ్వాలన్నది కంపెనీ ఇష్టం. మా బ్రాంచి వరకు అది నా బల్ల మీద తేలేది. బండి వయసు, విలువ, ఏ ఊళ్లో తిరుగుతుంది, పోయిన ఏడు క్లెయిమ్ ఉందా లేదా, ఇవన్నీ ఎవరైనా చూస్తారు. నేను వీటితోపాటు మనిషిని చూసేవాడిని.

చూడడమంటే ఏమీ లేదు, మాట్లాడించడమే. రెన్యువల్‌కు వచ్చినవాళ్లను కౌంటర్ దగ్గర నిలబెట్టకుండా నా ఎదురుగా కూర్చోబెట్టి, కింది హోటల్ నుంచి చాయ్ తెప్పించేవాడిని. "ఇంట్లో అందరు మంచిగున్నరా?" అని మొదలుపెడితే చాయ్ అయిపోయేలోపల అన్నీ వాటంతటవే వచ్చేవి. మనిషి లేచి వెళ్లాక ఫారం అంచున పెన్సిల్‌తో ఒక ముక్క రాసుకునేవాడిని. కొడుకు డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు. బండి గల్లీలోనే పెడతాడు, గేటు లేదు. కంటి ఆపరేషన్ అయింది, ఇంకా సరిగా కనబడదు. మొగుడూ పెళ్లాం విడిగా ఉంటున్నారు, కారు కోసం కొట్లాట. పెన్నుతో రాస్తే రికార్డు అవుతుంది, పెన్సిల్‌తో రాస్తే కాదు అని నేను చేరిన కొత్తలో ఒక పాత మేనేజర్ చెప్పాడు. ఆ తేడాను నేను ముప్ఫై ఏళ్లు నమ్ముతూ వచ్చాను.

ఆ ముక్కల్ని బట్టి ఒకరికి డిస్కౌంటు కొంచెం కోసేవాడిని, ఇంకొకరికి కొంచెం కలిపేవాడిని. ఎందుకు కోశానో వాళ్లకు చెప్పేవాడిని కాదు. "ఈ ఏడు రేట్లు అట్లున్నయి" అంటే నమ్మేవాళ్లు. మన చాయ్ తాగుతూ మనల్ని ఎవరు అనుమానిస్తారు?

అట్లా ప్రతి ఏడూ వచ్చేవాళ్లలో ఒక క్యాబ్ డ్రైవర్ ఉండేవాడు. ఎర్రగడ్డ మార్కెట్ వెనక గల్లీలో ఇల్లు. సొంత కారు. మైత్రీవనం వెనక ఉన్న ఒక ట్రావెల్స్ ఆఫీసుకు ఆ కారును అటాచ్ చేసి, కంపెనీల్లో పనిచేసే ఆడపిల్లలను ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆఫీసులో దించడం, మళ్లీ ఇంటికి చేర్చడం ఆయన పని. ఫోన్లోనే రెన్యువల్ అయిపోయే రోజులు వచ్చినా ఆయన మాత్రం మెట్లెక్కి వచ్చేవాడు. ఎప్పుడో పాత బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ తొందరగా ఇప్పించానని నా మీద గురి. ఈ బండి కొన్న నాటి నుంచి ఒక్క క్లెయిమ్ కూడా లేదు.

ఒక ఏడు ఆఖరి తేదీన వచ్చాడు. చొక్కా వేలాడుతోంది.

"ఏమైంది భాయ్, గింత చిక్కినవ్?" అన్నాను.

"ఏం లేదు సాబ్, షుగర్."

చాయ్ సగం తాగాక గ్లాసు కింద పెట్టాడు. "షుగర్ కాదు సాబ్. మా తమ్ముడు పోయిండు గద. అప్పటి సంది నిద్ర లేకుండె. స్టీరింగ్ పట్టుకుంటె చేతులు వణుకుడు. మూడు నెలలు బండి తియ్యలే. పక్కకే ఉన్నది గద మెంటల్ దవాఖాన, ఆడ చూపిచ్చుకున్న. ఎర్రగడ్డ దవాఖానకు పోయిండంటె జనం ఏమంటరో మీకు తెల్సు గద. అందుకే పొద్దుగాల్నె, రైతుబజార్‌కు పోతున్నట్టు సంచి పట్టుకొని పోయేది. వచ్చేటప్పుడు ఉత్త సంచి ఎట్ల తెస్త? రోజు ఇంత తోటకూర తెచ్చేటోణ్ణి." నవ్వాడు. "ఇప్పుడు మస్తు మంచిగున్న. వణుకుడు పోయింది. గోలీలు నడుస్తున్నయి. బండి నడుపుకో, ఏం ఫికర్ లేదు అన్నది డాక్టరమ్మ. ఈ సంగతి మా ఇంటామెకు, మీకు, ఇద్దరికె తెల్సు."

బల్ల మీదుగా చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మంచి పని చేసినవ్. జ్వరమొస్తె పోమా భాయ్? ఇది సుత అంతె" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. డిస్కౌంటు కూడా ఎప్పుడూ ఇచ్చినంతే ఇచ్చాను. ఆయన మెట్లు దిగాక పెన్సిల్ తీసి ఫారం అంచున రాశాను: మానసిక చికిత్స, మందులు, చేతుల వణుకు. వణుకు పోయిందని ఆయన చెప్పిన మాట రాయలేదు. అంచులో అంతే చోటుంది.

ఎందుకు రాశావని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. దురుద్దేశమేమీ లేదు, అలవాటు. దురుద్దేశమే ఉంటే రాసే ముందు ఒకసారి ఆలోచించేవాడినేమో.

మరుసటి ఏడు హెడ్డాఫీసు నుంచి ఒక యువకుడు వచ్చాడు. కోస్తా వైపు వాడు, లెక్కల్లో పెద్ద చదువు చదివాడు. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతోందని, కస్టమర్ గురించి తెలిసినదంతా అందులో వేస్తే రేటు అదే చెబుతుందని వివరించాడు. మిగతా బ్రాంచీల కన్నా మా దగ్గర క్లెయిములు ఎందుకు తక్కువో కనుక్కోవడానికి వచ్చాడు.

"ఏంటి సార్ మీ సీక్రెట్? మాకూ చెప్పొచ్చు కదండీ" అన్నాడు.

నేను బీరువా తెరిచి ఫారాల కట్టలు బల్ల మీద పెట్టాను. నాలుగైదు తిరగేసి, కుర్చీ లాక్కోవడం కూడా మరిచిపోయి నిలబడే చదివాడు. "బాబోయ్, ఇది బంగారమండీ! బయట డబ్బులు పోసి కొంటున్న డేటాలో ఇందులో పావు వంతు కూడా లేదు" అన్నాడు.

అప్పటికి నాకు యాభై ఎనిమిది నిండాయి. ఆఫీసులో నన్ను పాత ఫర్నిచర్‌తో కలిపి లెక్కపెడుతున్న రోజులు. ఆ ఒక్క మాటతో నాకు మధ్యాహ్నం ఆకలి కూడా వెయ్యలేదు. ఫారాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నేనే మీద వేసుకున్నాను. పెన్సిల్ ముక్కను ఉన్నదున్నట్టు కొట్టి, పక్కన ఒక కోడ్ వెయ్యాలి. ఏ ముక్కకు ఏ కోడ్ అన్నది నేనే చెప్పాలి, రాత నాది కనక. టైప్ చెయ్యడం మా సెక్షన్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉన్న ఒకామె వంతు. నోరు కాస్త పెద్దది. పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టలేం. వారం రోజులు నేను చదవడం, ఆమె కొట్టడం.

"సార్, గీ ముసలాయన కంటి ఆపరేషన్ అయిందని లడ్డూలు పట్టుకొని వచ్చి చెప్పిండు. మీరు రెండు తిన్నరు, నాకొకటి ఇచ్చిన్రు. ఇప్పుడు ఆయనకు కోడ్ పెడ్తున్నమా?"

"నువ్వు కొట్టమ్మా."

"కొడ్త సార్. లడ్డు తిన్న చేతుల్తోనె కొడ్త."

అట్లా నవ్వుకుంటూ చాలా చేశాం. గురువారమో శుక్రవారమో ఆ డ్రైవర్ ఫారం వచ్చింది. చదివాను. ఆమె వేళ్లు ఆగాయి.

"ఇది సుత కొట్టాల్నా సార్?" ఈసారి వేళాకోళం లేదు. "ఆయన ఫారంల రాసియ్యలే గద. మీతోని చెప్పుకున్నడు."

రబ్బరు నా డ్రాయర్‌లోనే ఉంది. కాని అదొక్కటి తుడిపేస్తే మిగతావి ఎందుకు తుడపలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న నాకు అక్కర్లేదు. "రిస్క్ రిస్కే కదమ్మా. కొట్టు" అన్నాను. కొట్టింది.

ఇక్కడ ఒక్క మాట. ఇట్లాంటివి జరిగినప్పుడు మనవాళ్లందరూ "సిస్టమ్ అట్ల చూపిస్తుంది" అంటారు. నేనూ అన్నాను. ఆ సిస్టమ్‌కు ఆ మనిషి గురించి ఏమీ తెలియదు. నేను చెబితే తెలిసింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ట్రావెల్స్ ఆఫీసు సేటు తన దగ్గరున్న క్యాబులన్నిటికీ కలిపి ఒకే చోట బీమా చేయిద్దామనుకున్నాడు. రేట్లు పంపమని మమ్మల్ని అడిగాడు. నలభై బండ్ల నంబర్లు సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒక్కో బండికి ఒక్కో రేటు, రేటు పక్కన కారణం, మా పాత కస్టమర్ అయితే ఆ కారణం కింద నా పెన్సిల్ ముక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చాయి. కారణాలు మా లోపలి వ్యవహారం, బయటికి పోకూడదు. మామూలుగా మా సెక్షన్ ఆమె రేట్లు మాత్రమే కాగితం మీద తీసి, నా సంతకం చేయించి పంపేది. ఆ రోజు ఆమె సెలవు. సేటు గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు. నేను ఎక్సెల్ షీట్‌లో కారణాల వరుసను కనబడకుండా దాచేసి, ఆ ఫైలునే మెయిల్ చేశాను. దాచాను, తీసెయ్యలేదు. దాచినదాన్ని ఎవరైనా రెండు నొక్కులతో తెరవొచ్చని నాకు తెలియదని అనను. తెలుసు. ఆ తొందరలో తట్టలేదు.

ముప్ఫై తొమ్మిది బండ్లకు దాదాపు ఒకే తీరు రేటు. ఒక్క బండికి బాగా ఎక్కువ. సేటుకు అనుమానం వచ్చింది. ఆయన దగ్గర పనిచేసే గుమాస్తా దాచిన వరుస తెరిచాడు.

ఐదో రోజు మధ్యాహ్నం డ్రైవర్ మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ఆ ఫైలు నుంచి తీసిన కాగితం. చాయ్ కోసం కేకెయ్యబోతే "వద్దు సాబ్" అన్నాడు. కూర్చోలేదు.

"నా బండి తీసేసిన్రు సాబ్. ఆడపిల్లలెక్కే బండి, పిచ్చోని చేతికి ఎట్లియ్యాలె అన్నడు సేటు. అందరి ముంగట అన్నడు. నా పక్కపొంటి నిలబడ్డ డ్రైవర్లు జర దూరం జరిగిన్రు. రోజు నాతోని బీడీ తాగేటోళ్లు."

చేతిలోని కాగితం నా బల్ల మీద పెట్టాడు.

"ఎవ్వరు చెప్పిన్రా అని నాలుగు రోజులు ఆలోచించిన. మా ఇంటామె చెప్పిందేమో అని ఆమె మీదికి పోయిన సాబ్. పెండ్లయిన కాంచి చెయ్యెత్తలే, ఆ రోజు ఎత్తిన. పిల్లల మీద ఒట్టేసి ఏడ్చింది. ఇంకెవ్వరికి తెల్సు, ఇంకెవ్వరికి తెల్సు అనుకుంటుంటె మీరు యాదికొచ్చిన్రు. పోయి గుమాస్తాను అడిగితె ఈ కాగితం తీసిచ్చిండు." రెండు చేతులూ నా బల్ల మీదికి చాచాడు. "చూడున్రి సాబ్. వణుకుతున్నయా?"

వణకడం లేదు. నా చేతులే బల్ల కింద పెట్టుకున్నాను.

"సిస్టమ్‌ల ఎట్లనో వచ్చింది భాయ్" అన్నాను.

"వచ్చింది గద, అయిపోయింది. నాకు పైసలొద్దు, ఏమొద్దు. ఒక్క చిట్టీ రాసియ్యున్రి. గీ మాట నేను ఫారంల రాసియ్యలే, డాక్టర్ కాగితం మీరు చూడలే, ఎవ్వరిని అడగకుంట మీరె రాసుకున్నరు, తప్పయింది అని. కంపెనీ ఠప్పా ఏసి ఇస్తె బండి మల్ల పెట్టుకుంట అన్నడు సేటు. రేపటి దాక టైమిచ్చిండు. లేకుంటె నా జాగల వేరేటోని బండి పెడ్తడంట."

ఆయన అడిగినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. నాలుగు వాక్యాలు. నేను "జర కూర్చో" అని చెప్పి లోపలి క్యాబిన్‌కు వెళ్లాను. అప్పటికి ఆ హెడ్డాఫీసు యువకుడే మా రీజియన్‌కు మేనేజరై అక్కడ కూర్చుంటున్నాడు. అంతా విన్నాడు.

"మీరంటే నాకు గౌరవం సార్. కానీ ఈ లెటర్ మీ ఒక్కరిది కాదండీ. కస్టమర్ ఇవ్వని ఆరోగ్య విషయం మీద రేటు వేశామని స్టాంపు వేసి ఇచ్చేస్తే, రేపు మిగతా ఫారాలన్నీ బయటికి తీయమంటారు. ఇన్ని వేల ఫారాలు, అన్నీ మీ రాతే." కుర్చీలో వెనక్కి వాలి, "మీకు సర్వీసు ఇంకా ఎంతుందండీ?" అన్నాడు.

"పదకొండు నెలలు."

ఆయన తల ఊపాడు. బెదిరించాడని చెప్పలేను. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. మిగతాది నేనే అనుకున్నాను.

బయటికి వచ్చి ఇంగ్లీషులో ఒక లెటర్ టైప్ చేశాను. మీ సమాచారం కంపెనీ ప్రమాణాల ప్రకారం పరిగణించబడింది, తగిన సమయంలో సమీక్షించబడుతుంది అని. ఆ లెటర్‌లో తప్పు ఎక్కడా లేదు, చేసినవాడు అసలే లేడు. ఆయనకు ఇంగ్లీషు రాదని నాకు తెలుసు. సంతకం చేసి, గుండ్రటి స్టాంపు గట్టిగా నొక్కి ఇచ్చాను.

కాగితం రెండు చేతులా పట్టుకుని స్టాంపు చూశాడు. "తప్పు నాది కాదని రాసిన్రు గద సాబ్?"

"రాసిన. పో, తొందరగ పోయి చూపియ్యి."

"అల్లా మిమ్మల్ని సల్లగ చూడాలె" అన్నాడు. నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు పరుగులాగా వినిపించింది.

మా సెక్షన్ ఆమె ఆ రోజు డ్యూటీలోనే ఉంది. ప్రింటర్ నుంచి నా లెటర్ తెచ్చి ఇచ్చింది ఆమే. "ఇంగ్లీషుల రాసిన్రు" అంది. ఆ తర్వాత నాతో వేళాకోళమాడడం మానేసింది.

పంజగుట్ట నుంచి మైత్రీవనం ఎంత దూరం? గంట తిరగకముందే నా ఫోన్ మోగింది. ఆయన నంబరే. మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగినప్పుడు ఫోన్ బోర్లా పెట్టి, ఏదో ఫైలు చదువుతున్నట్టు కూర్చున్నాను. నాలుగోసారి మోగలేదు. ఆ రోజే కాదు, మళ్లీ ఎప్పుడూ మోగలేదు.

పదకొండు నెలలు గడిచాయి. నా వీడ్కోలు సభ బాగా జరిగింది. కస్టమర్ కష్టసుఖాలు తెలిసిన అధికారి అని మేనేజర్ మైకులో చెప్పాడు. శాలువా కప్పాక మా సెక్షన్ ఆమె మిఠాయి పళ్లెం పట్టుకుని వచ్చింది. చాలా రోజుల తర్వాత నాతో పని మాట కాక వేరే మాట మాట్లాడింది. "ఇగ మీతోని ఎవ్వరేం చెప్పుకున్నా భయం లేదు సార్. మీ చేతిల ఫారం లేదు గద." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పొగడ్తే అనుకుని ఉంటారు.

అయిదు నెలల తర్వాత ఒకరోజు ఎర్రమంజిల్‌లో మా బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఏదో నొక్కుతూ, చాలా ఆప్యాయంగా, "అంకుల్, ఆంటీ ఆరోగ్యం ఎట్లుంది?" అంది. మా ఆవిడకు అప్పుడే గుండె పరీక్షలు చేయిస్తున్నాం. "బ్రహ్మాండంగ ఉందమ్మా" అన్నాను. ఆ అమ్మాయి ఊరికే అడిగి ఉంటుంది. నేను మాత్రం మెట్లు దిగి ఫుట్‌పాత్ మీద చాలాసేపు నిలబడిపోయాను.

ఇంటికి వచ్చి తెలుగులో రాశాను. ఆయన అడిగిన నాలుగు వాక్యాలే. కింద నా పేరు, నేను చేసిన ఉద్యోగం, సంతకం. స్టాంపు లేదు. మర్నాడు ఉదయం ఎర్రగడ్డ వెళ్లాను. ఇంటి నంబరు నాకు నోటికి వచ్చు.

గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. కారు అమ్మేశాడట. ఎవరిదో ట్రాలీ ఆటో కిరాయికి తీసుకుని మార్కెట్‌కు కూరగాయలు తోలుతున్నాడు. వాకిట్లో ఉన్న ఆ ట్రాలీ ముందు భాగం ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. కాగితం ఇచ్చాను. పదో తరగతి దాకా తెలుగులో చదువుకుందట ఆయన భార్య. ఆమె తలుపు దగ్గర నిలబడి గట్టిగా చదివింది. ఆయన నేల చూస్తూ విన్నాడు.

"మంచిగ రాసిన్రు సాబ్" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "ఇప్పుడు ఎవ్వరికి చూపియ్యాలె?"

"చిట్టీ ఇడిసిపెట్టున్రి సాబ్" అంది ఆమె. "ఈయన దవాఖానకు పోతలేడు. ఏడాదిన్నర కావొస్తుంది. గోలీలు బంద్ చేసిండు. నిద్ర లేదు, తిండి లేదు. ఈ నెలల రెండుసార్లు బండి తీస్కపోయి గోడకు గుద్దిండు. పోదాం పా అంటె, ఆడ సుత రాస్తరు, వద్దంటడు. మీరు చదువుకున్నోళ్లు, మీరు చెప్తె ఇంటడు. ఆడ చెప్పింది ఆడ్నె ఉంటదని జర చెప్పున్రి."

నేను ఆయన వైపు తిరిగాను. "డాక్టర్లు ఎవ్వరికి చెప్పరు భాయ్. నా మాట నమ్ము. నేనే తోలుకపోత" అన్నాను.

ఆయన తలెత్తి చాలా మర్యాదగా చూశాడు. "మీరు సుత ఎవ్వరికి చెప్పలే గద సాబ్" అన్నాడు. "రాసుకున్నరు, అంతె."

ఇంకేమైనా చెబుతానేమోనని ఆమె నా మొహంలోకే చూస్తూ నిలబడింది.